సముద్రవిద్య: ఇచ్చుటయు పుచ్చుకొనుటయు

(పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



విశాఖపట్టణపు సముద్రతీరమున ఇసుకపై నొక జలాంతర్గామి నిలిచియున్నది. దాని పేరు కురుసుర. పిల్లలు టిక్కెట్టు కొని లోనికి పోయి, ఇరుకుగదులలో తలవంచి నడిచి, ఆశ్చర్యముతో వెలుపలికి వచ్చుచుందురు. అది 1969లో రీగా రేవున మన నౌకాదళమున చేరి, 2001 వరకు కొలువు చేసినది. దానిని నడపుట మనవారి కెవరు నేర్పిరి? మనవారు మరల నెవరికి నేర్పుచున్నారు? నేటి నా ప్రసంగ మింతయు నీ రెండు ప్రశ్నలే.

మన నావికులకు మొదటి గురువు లాంగ్లేయులు. వారు నేర్పిన విద్య గట్టిదే. దానివెంట వచ్చిన యవమానమును గట్టిదే. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని తల్వార్ అను సంకేతవిద్యాలయమున, చెడుతిండిని, అధికారుల దుర్భాషలను సహింపజాలక నావికులు సమ్మె కట్టిరి. ఆ తిరుగుబాటు యుద్ధరంగమున గాక బడిలో పుట్టినదని గుర్తింపుడు. 1947లో స్వరాజ్యము వచ్చెను. అయినను నౌకాదళమునకు భారతీయుడు అధిపతి యగుటకు 1958 ఏప్రిలు వరకు వేచియుండవలసి వచ్చెను. డఫరిన్ శిక్షణనౌకపై చదివిన రామదాసు కఠారిగారు నాడా పదవిని స్వీకరించిరి. జెండా ఒక్క రాత్రిలో మారినది గాని, విద్యపై యధికారము మారుటకు పదునొకండేండ్లు పట్టినది.

పిమ్మట 1965లో జలాంతర్గాములకై సోవియట్ ప్రభుత్వముతో నొడంబడిక జరిగెను. మనవా రా దేశమునకు పోయి, ముందు రష్యను భాష నేర్చి, తరువాత యంత్రములు నేర్చిరి. 1967 డిసెంబరు 8న రీగాలో మన మొదటి జలాంతర్గామి కల్వరిపై భారతపతాక మెగిరెను.

ఇక రెండవ ప్రశ్న. విశాఖపట్టణమున జలాంతర్గామి విద్యాలయము గలదు. దానికి శాతవాహన యని మన ప్రాచీన రాజవంశపు పేరే పెట్టిరి. వియత్నాము దేశము రష్యానుండి ఆరు జలాంతర్గాములను కొనినప్పుడు, 2013 మొదలు ఆ దేశపు నావికు లీ విద్యాలయమునకు వచ్చి శిక్షణ పొందిరి. ఆ తరగతి నావలను మనవారు 1986 నుండియు నడిపియుండిరి గదా! 2020లో అట్టి నావనే, సింధువీర్ను, మయన్మారున కిచ్చితిమి. ఆ దేశమున కదియే మొదటి జలాంతర్గామి. నిన్నటి శిష్యుడు నేడు గురువైనాడు.

మిలన్ అను నౌకాసమ్మేళనముసంగతియు నిట్టిదే. 1995లో పోర్టుబ్లెయిరున నాలుగు పొరుగుదేశములు మనతో కలిసి ప్రారంభించిన యీ కూటమి, 2022లోను 2024లోను విశాఖలో జరుగునప్పటికి నలువదికి మించిన దేశముల సమావేశ మైనది.

"మన రహస్యములు పరుల కేల?" యని యొకరడుగవచ్చును. నేర్పునదెల్ల రహస్యము గాదు. 2021 ఏప్రిలులో బాలి ద్వీపమున కుత్తరమున ఇండోనేషియావారి నంగ్గాల యను జలాంతర్గామి మునిగి, అందలి 53 మందియు మరణించిరి. వార్త విన్నంతనే విశాఖనుండి మన రక్షణసాధనము నౌకపై బయలుదేరినది. కాని యది చేరుటకు ముందే ఆశ యడుగంటినది. ఇట్టివేళ ఒకరి రక్షణయంత్రము మరొకరి నావతలుపునకు సరిపడవలెను; ఒకరి సంకేతము మరొకరికి తెలియవలెను. ఇవి ముందుగా కలిసి సాధన చేసినగాని రావు. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వువాడు తెలివిగలవాడా?

అయినను మెలకువ విడువరాదు. నేర్పువాడును ఆయుధము లమ్మువాడును ఒక్కడే యైనచో, శిష్యుడు క్రమముగా కొనుగోలుదారు డగును. పరదేశపు బడిలో చదివినవాడు పరదేశపు కన్నులతో లోకమును చూచుట కలవాటుపడవచ్చును. కావున ప్రతి శిక్షణ యొడంబడికను మూడు విధముల పరీక్షింపుడు. మనవారు నేర్చుటయే గాక నేర్పుచునున్నారా? నేర్చినదానితో స్వదేశమున నావను కట్టుటకును, బాగుచేయుటకును శక్తి కలుగుచున్నదా? మన యొద్దకు వచ్చిన చిన్నదేశపు నావికునకు సమానగౌరవము దొరకుచున్నదా?

ఈ మూడవదానిని మీరు స్వల్పముగా నెంచకుడు. తల్వార్ నావికులు విద్యను ద్వేషింపలేదు. విద్యతోడి తిరస్కారమును ద్వేషించిరి. ఆ బాధ ననుభవించిన జాతి గురుపీఠ మెక్కినప్పుడు, దానిని మరచిన యెడల మన స్వాతంత్ర్యమునకు వెలితి గలుగును.

ఇకమీదట మీ పిల్లలను కురుసురలోనికి తీసికొనిపోవునప్పుడు, ఇనుపగొట్టములను చూపి యూరకుండకుడు. అన్యభాష నేర్చి, అన్యదేశమున నీ నావను నడప నభ్యసించి, తిరిగివచ్చి పొరుగువానికి నేర్పిన మనవారి కథ చెప్పుడు. పుచ్చుకొనుటలో సిగ్గు లేదు. పుచ్చుకొనుటతోనే యాగిపోవుటలో నున్నది.