కుటుంబ పింఛను – పన్ను



అన్నయ్య పోయాక మా వదిన రిటర్ను నేనే నింపుతున్నాను. ముప్పై ఏళ్ళు ఆయనకు క్యారేజీ కట్టిన ఆవిడ పింఛను 'ఇతర ఆదాయం' గడిలో రాయాలట! మన పింఛను మాత్రం జీతం కిందికి వస్తుంది. మనకు ఆఖరి జీతంలో సగం. మామూలు కుటుంబ పింఛను 30 శాతమే. రాబడి తగ్గినప్పుడు మినహాయింపైనా పెరగాలి కదా. 2024 జూలై బడ్జెట్‌లో, కొత్త పన్ను విధానం కింద, మనకు ప్రామాణిక తగ్గింపు 75,000 రూపాయలు చేశారు. ఆవిడకు పింఛనులో మూడో వంతు, అదీ 25,000 మించకూడదు. 2025 బడ్జెట్‌లో 12 లక్షల వరకు రిబేటు వచ్చింది గనుక చాలామందికి పన్ను పడదు, నిజమే. పడేవారి మాటేమిటి? మన మహజరులో కరువు భత్యం పక్కన ఈ కోరికను కూడా చేర్చమని కార్యదర్శిగారిని కోరుతున్నాను.