యంత్రం ఎవరి పేర ఉంది?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



'మనుషుల పనులు చేసే రోబోలు, మన యువతకు వ్యాపార అవకాశాలు' అనే అంశంపై మాట్లాడమని మమ్మల్ని కోరారు. మేము బడిపంతుళ్లం, వ్యాపారం తెలిసినవాళ్లం కాము. అయితే మా దగ్గర చదువుకున్న పిల్లలు రేపు ఏ పని చేసి బతకాలన్నది మాకూ ప్రశ్నే కనుక ఒప్పుకున్నాం.

దర్గాకొండ మీద జియారత్ ముగించుకొని ఒకసారి హార్బరు వైపు చూడండి. 1933లో ఈ ఓడరేవు ప్రారంభమైన నాటికీ నేటికీ పోలిక లేదు. ఒకప్పుడు మనుషులు తల మీద మోసిన సరుకు ఇప్పుడు కన్వేయరు బెల్టుల మీద, కంటైనర్లలో సాగిపోతోంది. క్రేన్ వచ్చి కూలీ వీపు మీది బరువు దించింది. మంచిదే. కానీ ఆ క్రేన్‌లో కూలీకి వాటా లేదు. ఇప్పుడు మన విశాఖ రైల్వే స్టేషన్‌లోనే రైల్వే రక్షణ దళం వారు 'అర్జున్' అనే మరమనిషిని పెట్టారు. దాన్ని చూసి పిల్లలు సంబరపడితే, పెద్దలు "మా కూలి కూడా పోతుందా మాస్టారూ?" అని అడుగుతారు. యంత్రాన్ని రాకుండా ఆపడం మన చేతిలో లేదు. అది ఎవరి పేర ఉంటుందన్నది మాత్రం కొంతవరకు మన చేతిలో ఉంది. ఈ రోజు మేము చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

2015 నవంబరులో కేరళలోని కోళికోడ్‌లో ఒక మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు విషవాయువుకు పడిపోయారు. ఇద్దరూ మన ఆంధ్రప్రదేశ్ నుంచి కూలికి వెళ్ళినవారే. వాళ్ళను కాపాడాలని ఒక ముస్లిం ఆటో డ్రైవరు లోపలికి దిగాడు. ముగ్గురూ చనిపోయారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఇలాంటి చావులు చూసి చలించిన కొందరు ఇంజనీరింగ్ కుర్రాళ్ళు, విమల్ గోవింద్, రాషిద్, నిఖిల్, అరుణ్ జార్జ్, కలిసి జెన్‌రోబోటిక్స్ అనే సంస్థ పెట్టారు. మ్యాన్‌హోల్‌లోకి దిగి చెత్త తీసే రోబోను తయారు చేశారు. 2018లో అది తిరువనంతపురంలో పనిలోకి దిగింది. దాని పేరు బ్యాండికూట్. ఆ ఇంగ్లీషు మాట మన తెలుగు 'పందికొక్కు' నుంచి పుట్టిందే! రోబో లోపలికి దిగుతుంది, మనిషి పైన నిలబడి తెర మీద చూస్తూ దాన్ని నడుపుతాడు. నిన్న లోపలికి దిగిన కార్మికుడికే ఈ పని నేర్పవచ్చని వారు చేసి చూపించారు.

ఈ కుర్రాళ్ళు చదివినది కుట్టిప్పురంలోని ఎం.ఇ.ఎస్. ఇంజనీరింగ్ కళాశాల. దాన్ని నడుపుతున్నది 1964లో డాక్టర్ పి.కె. అబ్దుల్ గఫూర్ గారు స్థాపించిన ముస్లిం ఎడ్యుకేషనల్ సొసైటీ. అదీ మనలాగే దాతల చేయూతతో మొదలైన సంఘమే.

ఇక వ్యాపారం సంగతి. రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని మురుగులోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మునిసిపాలిటీలకు, పెద్ద భవనాల యజమానులకు ఇకపై యంత్రం తప్పదు. ఆ యంత్రం ఎవరిది? దీనికి హైదరాబాద్‌లో ఒక జవాబు కనిపించింది. 2017లో అక్కడి జలమండలి, దళిత పారిశ్రామికవేత్తల సంఘమైన డిక్కీతో కలిసి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించింది. పని జలమండలిది, యంత్రం ఆ యువ పారిశ్రామికవేత్తలది. 2019లో ఢిల్లీ కూడా ఇదే దారి పట్టింది.

ఇది మనకు కొత్త పాఠం కాదు. చేయి చాచి వచ్చిన ఒక అన్సారీతో ప్రవక్త (స) ఏం చేయించారో మనందరం విన్నదే. అతని ఇంట్లో ఉన్న దుప్పటిని, గిన్నెను రెండు దిర్హములకు వేలం వేయించారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి కొనమన్నారు, రెండోదానితో గొడ్డలి తెమ్మన్నారు. దానికి స్వయంగా పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమని పంపారు. ఆ గొడ్డలి అద్దెది కాదు, అతని సొంతం. జకాత్ సొమ్ము కూడా అర్హుడి సొంతం కావాలన్నదే మన ఉలమా చెప్పే షరతు.

మన పొరపాటు కూడా చెప్పుకోవాలి. మనం పంచిన కుట్టు మిషన్లలో కొన్ని మూలన పడ్డాయి. బాగుచేసుకోవడం నేర్పలేదు, కుట్టడానికి బట్ట వస్తుందా అని చూడలేదు. అందుకే మూడు విన్నపాలు.

ఒకటి, బ్యాండికూట్ లాంటిది మన శక్తికి మించినది కనుక చిన్నగా మొదలుపెడదాం. నీళ్ళ ట్యాంకులు కడిగే యంత్రమో, మేడల మీది సోలార్ పలకలు తుడిచే యంత్రమో కొందాం. ఉలమా సలహా తీసుకొని, అర్హులైన ఇద్దరు ముగ్గురు యువకుల పేరనే రాద్దాం. ఇప్పుడు ఆ పని చేతులతో చేస్తున్నవాడిదే మొదటి హక్కు.

రెండు, మరమ్మతు నేర్పిద్దాం. కంచరపాలెం ఐటీఐ, పాలిటెక్నిక్‌లలో చదివే మన పిల్లలకు ఫీజుతో పాటు పనిముట్ల పెట్టె కూడా ఇద్దాం. యంత్రాలు పెరిగే కొద్దీ వాటిని బాగుచేసేవాడికి పని దొరుకుతుంది.

మూడు, ఇది దాతలకు. మీలో అపార్ట్‌మెంట్లు, హోటళ్ళు, ఆసుపత్రులు, గోదాములు ఉన్నవారు ఉన్నారు. మీ ట్యాంకులు కడిగే పని ఏడాది పాటు ఈ పిల్లలకే ఇస్తామని మాటివ్వండి. చందా కంటే ఆ మాటే పెద్ద సాయం.

కోళికోడ్‌లో ఆ ఆటో డ్రైవరు లోపల పడినవారి ఊరూ పేరూ అడగలేదు. మనం కూడా అడగకుండా అవసరం చూసి ఇద్దాం. వచ్చే ఏడాది ఈ వేదిక మీద మా బదులు, తన పేర ఉన్న యంత్రంతో బతుకుతున్న ఒక కుర్రాడు నిలబడి మాట్లాడేలా అల్లాహ్ మనకు తౌఫీఖ్ ప్రసాదించు గాక. ఆమీన్.

వస్సలామ్.