పాత పడవకు కొత్త ప్రాణం

మాది తడ. వేసవిలో ఇక్కడ పులికాట్ సరస్సు వెనక్కి తగ్గి, నేల బయటపడుతుంది. మామగారు పోయాక ఆయన పడవ రెండేళ్ళు ఆ ఎండలోనే పడి ఉంది. పలకల సందుల్లోంచి వెలుతురు కనబడుతోంటే, "కట్టెలకి అమ్మేద్దాం" అన్నారు మావారు. అత్తయ్య ఏమీ అనలేదు గానీ, ఆ పూట అన్నం ముట్టలేదు.

నేను ముసలి వడ్రంగిని పిలిపించాను. ఆయన సందులకేసి చూడనేలేదు. మేకుతో ప్రతి పలకా గుచ్చి చూశాడు. "మేకు దిగబడితే పుచ్చు. సందులంటావా, ఎండకు చెక్క ముడుచుకుంది. నీళ్ళు తాగితే అదే పొంగుతుంది తల్లీ!" అన్నాడు.

పుచ్చినవి రెండే పలకలు. వాటిని మార్చి, తుప్పు మేకులు తీసి, కొత్తవి కొట్టించాం. సందుల్లో నూలు దూర్చి, నూనెలో కాచిన గుగ్గిలం పూశాం. నూలు మరీ బిగించకూడదు. చెక్క పొంగితే పలకలు ఎడమవుతాయి. గుగ్గిలం కాచేచోట మంట అంటుకుంటుంది, పిల్లల్ని రానివ్వకండి.

కార్తీకమాసపు వానలకు సరస్సు నిండాక పడవ దించాం. నీళ్ళు ఊరాయి! మావారు నావంక చూశారు. రాత్రంతా తోడాం. మూడోనాటికి ఊట ఆగింది. అత్తయ్య పసుపూ కుంకుమా నా చేతికిచ్చి పెట్టమని, అందరికన్నా ముందు తనే ఎక్కి కూర్చున్నారు.

పాతదని పారేసేముందు, ఒక్కసారి గుచ్చి చూడండమ్మా. సెలవు.