కాళేశ్వరము: ముందు కాలుడు, పిదప ముక్తి
(గోలేటిలో కార్మికసోదరుల సభయందు చేసిన ఉపన్యాసపాఠము)



కాళేశ్వరయాత్రకు బయలుదేరుచున్న బొగ్గుగని సోదరుడొకడు నన్నిట్లడిగినాడు: “వకీలు సాబూ, ఒక్క మునకతో పాపమంతయు పోవునేని, మంచిగా బ్రతుకుట కింత కష్టపడుట యెందులకు?” అతడు నవ్వుచు అడిగినాడు గాని, నాకు నవ్వు రాలేదు. నేటి నా మాటలు ఆ ప్రశ్నకు సమాధానమే.

మన జిల్లాలో తుమ్మిడిహెట్టికడ వార్ధా, వైన్‌గంగలు కలసి ప్రాణహిత యగుచున్నవి. అది దక్షిణముగా పారి కాళేశ్వరమున గోదావరిలో గలియును. సరస్వతియు అంతర్వాహినిగా నున్నదని పెద్దల విశ్వాసము; కావుననే త్రివేణీసంగమమందురు. కాళేశ్వరము, శ్రీశైలము, ద్రాక్షారామము అను మూడు లింగముల నడిమి నేల త్రిలింగదేశమనియు, తెలుగు అను పేరందుండియే పుట్టెననియు చిరకాలముగా చెప్పుచున్నారు. పదవ్యుత్పత్తివిషయమున పండితులు ఏకాభిప్రాయులు కారు. ఆ వ్యాజ్యము వారిది. తమ భాష యెంతవరకున్నదో చెప్పుటకు మన పూర్వులు గుడులను చూపినారనుట మాత్రము నాకు మిక్కిలి ప్రీతి.

నేడు పత్రికలలో కాళేశ్వరమనగా ఎత్తిపోతలపథకమే. 2019లో ప్రారంభమైన ఆ పథకమున, 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజు స్తంభములు కుంగినది మొదలు ఆ పేరు వాదప్రతివాదములలో నలుగుచున్నది. నేను చెప్పునది గుడి మాట.

ఆ గుడిలో ఒకే పానవట్టముపై రెండు లింగములున్నవి. ఒకటి కాళేశ్వరుడు, అనగా యముడు. రెండవది ముక్తేశ్వరుడు, శివుడు. ముక్తేశ్వరలింగమునకు రంధ్రములు గలవు. వానిలో పోసిన జలము భూగర్భమార్గమున సంగమమును చేరునని భక్తుల నమ్మిక. స్థలపురాణ మిట్లున్నది: ఇచ్చట శివుని కొలిచినవారందరు ముక్తులగుచుండగా యమలోకము శూన్యమయ్యెనట. యముడు మొరపెట్టుకొనెను. శివుడు తన సరసనే అతనికి స్థానమిచ్చి, ముందుగా అతనిని పూజించిన పిదపనే తన పూజయని విధించెను. ఇరుపక్షములును తలయూపి లేచిన ఇట్టి రాజీని నా వృత్తిలో నేనెన్నడును చూడలేదు!

సోదరుని ప్రశ్నకు జవాబిక్కడనే యున్నది. ముక్తేశ్వరుని ద్వారమున కాలుడు కూర్చున్నాడు. చేసిన కర్మకు లెక్క చెప్పక ముందుకు పోవుటకు వీలులేదని నేను గ్రహించిన అర్థము. గనిలో దిగినవాడు తిరిగివచ్చువరకు గడపలో కన్నులు కాయలు కాచునట్లు చూచిన తల్లులు ఈ సభలో నున్నారు. కాలుడెవరో వారికి నేను చెప్పనక్కరలేదు.

ఇక నా మనసును కలచిన సంగతి. 2022 ఏప్రిలులో ప్రాణహితాపుష్కరములందు నేను స్వచ్ఛందసేవకుడనుగా నుంటిని. ఒక వృద్ధురాలు భర్త అస్థికలను కొంగున కట్టుకొని రేవున కూర్చుండెను. ఒక దళారి అడిగిన సొమ్ము ఆమెకడ లేదు. అప్పటికే వడ్డీకి తెచ్చిన పైకము దారిఖర్చులకు కరగిపోయెను. నేను ఆమెను నీటిలోనికి నడిపించితిని. ఆమె భర్తపేరు మూడుమారులు పలికి అస్థికలను వదలి, “మంత్రము లేదు గదా బిడ్డా, చెల్లునా?” అనెను. చెల్లునంటిని. నేటికిని ఆ మాటకు కట్టుబడియున్నాను. శ్రద్ధతో చేయునదే శ్రాద్ధమని పెద్దలు చెప్పలేదా? మంత్రజ్ఞులైన పురోహితులను నేను నిందించుట లేదు. వారిలో దక్షిణ అడుగని వారినిగూడ చూచితిని. చనిపోయినవానికొరకు బ్రతికినవారు అప్పుల పాలగుట మాత్రము యమధర్మరాజు కోరిన లెక్క కాదు.

2025 మేలో సరస్వతీపుష్కరములు ముగిసినవి. 2027లో గోదావరీపుష్కరములు రానున్నవి. గోలేటినుండి ఇరువదిమంది యువకులు వచ్చినచో, రేవున వృద్ధులకు చేయూతనిత్తురు. బేరమాడువారినుండి పేదలను కాతురు. నీటిలో విడిచిన బట్టలను, ప్లాస్టిక్కు సంచులను ఒడ్డునకు చేర్తురు. పేర్లు వ్రాయుటకు పుస్తకమొకటి తెచ్చితిని. సభానంతరమున ఈ బల్లకడనే యుందును. ఆ ప్రశ్న వేసిన సోదరుడు మొదటి పేరు వ్రాసియున్నాడు.