సముద్రం దాకా పుంత

(ప్లీడరుగారి స్మారకోపన్యాస పాఠం)



మా గురువుగారిని ఊరంతా ప్లీడరుగారనే పిలిచేది. ఆ పిలుపు చాలునని ఆయన కోరుకున్నారు కాబట్టి ఈ ఉపన్యాసమూ ఆ పేరుతోనే సాగుతోంది. ఏ భూమి తగాదా వచ్చినా, దస్తావేజు విప్పకముందే ఆయన ఒక ప్రశ్న వేసేవారు: “అక్కడికి దారేది?” జూనియరుగా ఉన్న రోజుల్లో నాకది చిన్న ప్రశ్నగా తోచేది. కోర్టుల చుట్టూ ముప్పై ఏళ్లు తిరిగాక, సముద్రపు ఒడ్డు విషయంలో అసలు ప్రశ్న అదేనని తెలిసింది.

గోదావరి డెల్టాలో పుంత అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కృష్ణా, గుంటూరు వైపు డొంక అంటారు. నా చిన్నతనంలో మా ఊరి పుంత కొబ్బరితోటల మధ్య నుంచి సాగి, సరుగుడు తోపు దాటి, ఇసుక దిబ్బల మీదుగా సముద్రానికి చేరేది. తెల్లవారుజామున చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు ఆ దారినే ఊళ్లోకి వచ్చేవారు. మాఘ పౌర్ణమికి సముద్రస్నానాలకు ఊరు ఊరంతా ఆ దారినే కదిలేది. అస్థికలు కలపడానికి వెళ్లేదీ ఆ దారినే. అది ఎవరిదని ఎవరూ అడిగి ఎరుగరు.

తర్వాత రొయ్యల చెరువులు వచ్చాయి. పుంతకు రెండు పక్కలా తవ్వారు. దారి కాస్తా చెరువుగట్టు అయింది. గట్టుకు ఇనుప గేటు, గేటుకు తాళం పడ్డాయి. ఆ ఏడే పక్క ఊరి దారికీ అదే గతి పట్టింది. రెండు ఊళ్లవాళ్లూ ప్లీడరుగారి దగ్గరికి వచ్చారు. ఆయన రెండు గ్రామపటాలూ తెప్పించి బల్ల మీద పరిచారు. మా ఊరి పటంలో పుంత రెండు గీతలుగా ఒడ్డు దాకా ఉంది, రికార్డులో పోరంబోకుగా నమోదై ఉంది. పక్క ఊరిది పట్టాభూమి మీదుగా తరతరాలు నడిచిన కాలిబాట. పటంలో దాని జాడ లేదు. మా గేటు రెండు నెలల్లో ఊడింది. వాళ్ల గేటు నేటికీ ఉంది.

ఆ రెండు గేట్ల మధ్య తేడా గురించే ఈ సాయంత్రం మాట్లాడతాను.

మా గేటును ఊడబెరికింది 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం. ఆంధ్ర ప్రాంతానికి వారసత్వంగా వచ్చిన ఆ చట్టంలో రెండో సెక్షను చదవండి. ప్రజల రోడ్లు, వీధులు, సందులు, బాటలు, పోటు గీతకు దిగువనున్న సముద్రపు అడుగు, నదులు, వాగులు, చెరువులు, ఇంకొకరి హక్కు రుజువైతే తప్ప, ప్రభుత్వ ఆస్తి అని ఉంటుంది. సముద్రాన్నీ కాలిబాటనూ ఒకే సెక్షనులో పక్కపక్కన కూర్చోబెట్టారు. ప్లీడరుగారు వేలు పెట్టి చూపించే మాట ఇంకొకటుంది. ఆ ఆస్తి ప్రభుత్వానిదే అయినా, ప్రజల దారి హక్కులకు లోబడి మాత్రమే దానిదవుతుంది. అంటే పుంతను మూసే హక్కు పక్క రైతుకు ఎలాగూ లేదు. సర్కారు కూడా జనం నడకను గౌరవిస్తూనే దాన్ని ఉంచుకోవాలి.

పట్టాభూమి మీద నడకనూ చట్టం కొట్టిపారేయదు. ఇరవై ఏళ్లు బహిరంగంగా, ప్రశాంతంగా, అంతరాయం లేకుండా, హక్కుగా నడిస్తే దారి హక్కు స్థిరపడుతుందని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం చెబుతుంది. స్థానిక ఆచారం మీద ఏర్పడే హక్కునూ అది గుర్తిస్తుంది. చిక్కంతా ‘హక్కుగా’ అన్న మాట దగ్గరే. ఒకరి అనుమతితో నడిచిన నడక ఎన్నేళ్లయినా హక్కు కాదు.

మన మత్స్యకారులు తోట యజమాని ఎదురైతే పక్కకు తప్పుకుని “వెళ్లొస్తామండీ” అంటారు. మర్యాదకు అన్న ఆ మాట పక్క ఊరి కేసులో అనుమతి అడిగినట్టుగా మారింది. “నేను నడవనిస్తేనే నడిచారు” అన్నాడు యజమాని. ఆ దారిన గంప మోసిన ఒక ముసలమ్మను, ఎవరిని అడిగి నడిచావని అవతలి వకీలు నిలదీశాడు. “ఎవర్నీ అడగలేదు బాబూ. మా అత్త నడిచింది, నేనూ నడిచాను” అందామె. హక్కుకు అంతకంటే సూటైన నిర్వచనం నేను ఏ తీర్పులోనూ చదవలేదు. కానీ మిగతా సాక్షులు మర్యాదగానే మాట్లాడారు. కేసు పోయింది.

ఇక ఒడ్డు సంగతి. తీరాన్ని కాపాడాలని 1981లో ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు రాశారు. పదేళ్ల తర్వాత, 1991 ఫిబ్రవరి 19న, పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా వర్తించే తీర నియంత్రణ మండలి (సీఆర్‌జెడ్) నోటిఫికేషను వచ్చింది. 2011లో, 2019లో దాన్ని తిరగరాశారు. ఒడ్డున రెండు హోటళ్ల మధ్య జనం బీచికి వెళ్లడానికి కనీసం 20 మీటర్ల సందు వదలాలని అందులో ఉంది. కంచె వేసుకున్నా అది ప్రజల రాకపోకలకు అడ్డు కాకూడదనీ ఉంది. 1996 డిసెంబరులో కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. సముద్రతీరం, పారే నీరు, గాలి, అడవి ప్రజలందరివీ అని, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేనని చెప్పింది.

ఇంత రక్షణ ఉన్నాక భయమెందుకని అడగవచ్చు. రెండు తీర్పుల కథ చెబుతాను.

గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో, సీఆర్‌జెడ్ లోపలి వాణిజ్య రొయ్యల చెరువులను తొలగించాలని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆదేశించింది. తీరగ్రామాలు పండుగ చేసుకున్నాయి. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. సీఆర్‌జెడ్ నిషేధం రొయ్యల సాగుకు వర్తించదని, అదీ 1991 నుంచే వర్తించనట్టు భావించాలని అందులో రాసింది.

రెండోది గోవాలోని వైంగ్విణి బీచి కథ. హోటల్ కోసం ప్రభుత్వం భూమి సేకరించి ఇస్తూ, బీచికి జనం వెళ్లే దారిని అడ్డుకోరాదని 1983 ఒప్పందంలో షరతు పెట్టింది. హోటల్ విస్తరణ ఆ దారి మీదికి వచ్చింది. కట్టడాన్ని కూల్చాలన్న హైకోర్టు ఆదేశాన్ని 2009 జనవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. అదే ఏడాది గోవా ప్రభుత్వం భూసేకరణ చట్టాన్ని వెనకటి తేదీ నుంచి సవరించింది. ఆ సవరణ చెల్లుతుందని 2016లో సుప్రీంకోర్టే చెప్పింది.

తీర్పుల విలువను నేను తగ్గించడం లేదు. అవి లేకపోతే వాదించడానికి మనకు మాటలే ఉండవు. కానీ తీర్పు వచ్చాక ఊరు నిద్రపోతే, డబ్బు మేలుకునే ఉంటుంది. నోటిఫికేషన్లు ఒడ్డును కాపాడతాయి, ఊరి నుంచి ఒడ్డు దాకా ఉన్న పుంతను కాపాడాల్సింది మాత్రం ఊరి రికార్డే. ఆ పుంత పోతే, కాగితం మీద అందరిదైన సముద్రం పక్కన తోట ఉన్నవాడికే దక్కుతుంది.

ఇంగ్లండులో 1949లోనే కౌంటీలు కాలిబాటలన్నిటికీ పటాలు తయారు చేయాలని చట్టం చేశారు. పటానికెక్కిన బాటకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆ పునాది మీదే 2009 చట్టంతో తీరం చుట్టూ దాదాపు 4,300 కిలోమీటర్ల నడకదారికి పూనుకున్నారు. అక్కడా భూస్వాములున్నారు, తగాదాలున్నాయి. కానీ తగాదా మొదలయ్యేది పటం దగ్గర.

మన పటాలు ఇప్పుడు మారుతున్నాయి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేతో బ్రిటిషు కాలం నాటి పటాల స్థానంలో కొత్తవి వస్తున్నాయి. సర్వేయరు వచ్చిన రోజున ప్రతి పట్టాదారూ తన గట్టు చూపించడానికి నిలబడతాడు. పుంత తరఫున నిలబడేదెవరు? ఎవరూ రాకపోతే రెండు గీతలూ పక్క కమతంలో కలిసిపోతాయి. ఆ తర్వాత మన మనవళ్లు ముసలమ్మల సాక్ష్యం వెతుక్కోవాలి.

తోట యజమానికీ ఒక మాట. మీ కాయలు, మీ చెరువు, మీ ఇంటి మరుగు మీవే. వాటి జోలికి ఎవరూ రారు. గంప మోసే మనిషి పట్టేంత వెడల్పు వదిలితే చాలు.

తీరగ్రామాల వారికి నా విన్నపం ఇది. రీసర్వే రోజున పాత పటం నకలుతో పది మంది పుంత మీద నిలబడండి. పటంలో లేని కాలిబాటలను పెద్దవాళ్లు బతికుండగానే గ్రామసభ తీర్మానంలోకి ఎక్కించండి. గేటు పడితే ఆ వారంలోనే తహసీల్దారుకు అర్జీ పెట్టండి. ప్రజల దారిలో అడ్డు తొలగించమనే అధికారం నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద ఆర్డీవోకు ఉంది. అన్నిటికంటే ముందు, నడవండి. ఎవరినీ అడగకుండా నడవండి.

స్మారక సంఘానికీ ఒక మనవి. వచ్చే ఏడాది ఈ సభకు పెట్టే ఖర్చులో సగంతో మన మండలంలోని ప్రతి తీరగ్రామం పాత పటానికీ ధ్రువీకరించిన నకలు తీయించి, పంచాయతీ గోడకు కట్టిద్దాం. పుంతను ఎర్ర సిరాతో దిద్దిద్దాం. ఎవరైనా వచ్చి “దారేది?” అని అడిగితే, అక్షరం రాని ముసలమ్మ కూడా లేచి వెళ్లి ఆ గీత మీద వేలు పెట్టగలగాలి.