కొలంబోలో బావా ఇల్లు

కొలంబో వెళ్తే ఒక ఇల్లు తప్పకుండా చూడండి. శ్రీలంక ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా సొంత ఇల్లు. ఊళ్లో దాన్ని నంబర్ 11 అంటారు.

బావా మొదట లాయరు. భవనాల మీద ప్రేమతో ఆ వృత్తి వదిలేశారు. 1958లో ఓ ఇరుకు సందులో, వరసగా ఉన్న నాలుగు చిన్న ఇళ్లలో ఒకదానిలో చేరారు. తర్వాత పక్కవీ ఒక్కొక్కటే కలుపుకున్నారు. అలా నాలుగిళ్లూ ఒకే ఇల్లయ్యాయి.

లోపల పొడవాటి తెల్లని నడవా. నడుస్తుంటే అక్కడక్కడా పైకప్పు ఉండదు. మన మండువా ఇళ్లలో లాగే వెలుగూ, వానా నేరుగా దిగుతాయి. చిన్న నీటితొట్టి, ఓ చెట్టు, చెట్టినాడు నుంచి తెచ్చిన పాత స్తంభాలు. చుట్టూ గోడలే, అయినా ఊపిరాడనట్టు ఉండదు. స్థలం చిన్నదని దిగులుపడే మనవాళ్లు ముఖ్యంగా చూడాల్సింది ఇదే: వెలుగు పక్కనుంచి రాకపోతే పైనుంచి రప్పించారు. అవును, పైనుంచి!

గ్యారేజీలో ఆయన పాత రోల్స్‌రాయిస్ కారు కూడా ఉంది.

బావా 2003లో కన్నుమూశారు. ఇంటిని ఆయన పేరిట ఉన్న ట్రస్టు చూసుకుంటోంది. నేరుగా వెళ్లి తలుపు తట్టకండి. ముందే బుక్ చేసుకోండి. మరోసారి చెబుతున్నా, ముందే బుక్ చేసుకుని వెళ్లండి.