రోజువారీ కారుకు సిరామిక్ కోటింగ్ అవసరమా?

కొత్త కారు తీసుకుంటుంటే షోరూములోనే సిరామిక్ కోటింగ్ చేయించుకోమంటారు. రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చి, రాత్రి వీధిలో ఆగే కారుకైతే దానికి పెట్టే వేల రూపాయలు దండగేనని నా అభిప్రాయం. ఈ పూతలో ప్రధానంగా ఉండేది సిలికా. ఆరాక దాని మందం సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లు. దాని కింద, రంగు మీద కంపెనీ వేసిన పారదర్శక పొర క్లియర్ కోటే దాదాపు 40 మైక్రాన్లు ఉంటుంది. అంత పలుచటి పొర లారీ టైరు కింద నుంచి ఎగిరొచ్చే కంకరను గాని, ఇరుకు సందులో రాసుకుపోయే బైకు హ్యాండిల్‌ను గాని ఆపలేదు. ప్రకటనల్లో కనిపించే '9హెచ్' అనేది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలోని కొలత. రాయి దెబ్బకు అది హామీ కాదు.

నీళ్లు జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది కదా అంటారు. నిజమే. కానీ ఉప్పు బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే, మిగిలిన ప్రతి చుక్కా ఆరి తెల్లటి మచ్చవుతుంది. పక్షి రెట్టను వెంటనే తుడవకపోతే పూత ఉన్నా మరక పడొచ్చు. అసలు మెరుపును చంపేది పొద్దున్నే దుమ్ము మీద పొడిగుడ్డతో తుడవడం. గుడ్డ కింద నలిగే ఇసుక రేణువులే ఎండలో గుండ్రంగా కనిపించే సన్నగీతలు గీస్తాయి. ఈ అలవాటు మారకపోతే కోటింగ్ వేయించీ లాభం లేదు. మారితే కొన్ని నెలలకోసారి మామూలు వ్యాక్స్ సరిపోతుంది. కారును చాలా ఏళ్లు ఉంచుకుని, నీడలో నిలిపి, స్వయంగా శ్రద్ధగా కడుక్కునేవారికి కోటింగ్ పనికొస్తుంది. మిగతావారు ముందు కడగడానికొకటి, గుడ్డ జాడించడానికొకటి చొప్పున రెండు బకెట్లు, మంచి మైక్రోఫైబర్ గుడ్డలు కొనండి.